క్రెడిట్ కార్డు మోసాల నుంచి కాపాడుకోవడం: డబ్బు పోకముందు ఏం చేయాలి, పోయిన వెంటనే ఏం చేయాలి

మిర్యాలగూడ నుంచి జడ్చర్ల దాకా పాఠకులు పదే పదే అడుగుతున్న ప్రశ్న ఒకటుంది: "ఓటీపీ ఎవరికీ చెప్పలేదు, అయినా కార్డు మీద డబ్బు పోయింది. ఎట్లా పోయింది? ఇప్పుడేం చేయాలి?"

ఓటీపీ చెప్పకపోవడం ఒక్కటే సరిపోదు. చాలా విదేశీ వెబ్‌సైట్లు ఓటీపీ అడగకుండానే కార్డు వివరాలతో డబ్బు లాగుతాయి. ఫోన్‌లోకి దొంగ యాప్ దూరితే మీరు నోరు తెరవకుండానే ఓటీపీ అవతలికి వెళ్తుంది. పోయిన కార్డు దొరికినవాడు పిన్ తెలియకపోయినా టాప్ చేసి, అంటే మెషిన్‌కు కార్డు తాకించి, సరుకులు కొనుక్కోగలడు.

అందుకని ముందు జాగ్రత్తలన్నీ టెన్షన్ లేని రోజు కూర్చుని చేసుకోవాలి. కింద చెప్పిన వరుస మార్చకండి. మొదటి మూడు మెట్లు ఒక ఆదివారం పొద్దున అయిపోతాయి. డెబిట్ కార్డుకు కూడా దాదాపు ఇవే వర్తిస్తాయి.

1. ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

☐ మీ పేరు మీదున్న కార్డులన్నీ, వాడకుండా బీరువాలో పడేసినవి కూడా
☐ బ్యాంకులో రిజిస్టర్ అయిన నంబరున్న ఫోన్
☐ బ్యాంకు అసలు యాప్, ప్లే స్టోర్ లేదా యాప్ స్టోర్ నుంచి దించుకున్నది
☐ కిందటి నెల స్టేట్‌మెంట్
☐ ఒక చిన్న నోట్‌బుక్

నోట్‌బుక్‌లో ఒక్కో కార్డుకు మూడు విషయాలు రాయండి: బ్యాంకు పేరు, కార్డు చివరి నాలుగు అంకెలు, కార్డు వెనకాల ఉండే హెల్ప్‌లైన్ నంబరు. కింద పెద్ద అక్షరాలతో 1930 అని రాయండి, అది సైబర్ మోసాల ఫిర్యాదుల హెల్ప్‌లైన్. పూర్తి కార్డు నంబరు, పిన్, సీవీవీ (కార్డు వెనక ఉండే మూడంకెల కోడ్) మాత్రం రాయొద్దు.

ఈ పని చాలామంది వదిలేస్తారు. పర్సు పోయిన రోజు కార్డుతోపాటు దాని వెనకున్న హెల్ప్‌లైన్ నంబరు కూడా పోతుంది. అప్పుడు గూగుల్‌లో కస్టమర్ కేర్ నంబరు వెతుకుతారు. అక్కడ దొంగలు పెట్టిన నంబర్లు కాచుకుని ఉంటాయి. ఒక దెబ్బ తగిలినోళ్లకు రెండో దెబ్బ అక్కడే తగులుతుంది. ఇవే నంబర్లు ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లో కూడా సేవ్ చేసి పెట్టండి.

2. కార్డు సెట్టింగులు: వాడనిది ఆపేయండి

అన్నిటికంటే ఎక్కువ కాపాడే మెట్టు ఇదే, దీనికి పైసా ఖర్చు లేదు. ఆర్‌బీఐ నిబంధనల ప్రకారం 2020 అక్టోబర్ 1 నుంచి కార్డులో ఏ సదుపాయం ఆన్ చేయాలో, దేనికి ఎంత లిమిట్ పెట్టాలో మీ చేతిలోనే ఉంది. యాప్‌లో "కార్డ్ కంట్రోల్స్", "మేనేజ్ కార్డ్" లాంటి పేరుతో కనిపిస్తుంది. యాప్ అలవాటు లేనివాళ్లు నెట్ బ్యాంకింగ్‌లోనో, ఏటీఎంలోనో, హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసో మార్చుకోవచ్చు.

ఈ వరుసలో చేయండి.

ముందు అంతర్జాతీయ లావాదేవీలు ఆఫ్ చేయండి. ఓటీపీ లేకుండా డబ్బు పోయే పెద్ద దారి ఇదే. అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లినప్పుడు ఆన్ చేసుకుని, తిరిగి రాగానే మళ్లీ ఆపేయొచ్చు.

తర్వాత టాప్ చేసే సదుపాయం. దేశంలో 5,000 రూపాయల వరకు పిన్ లేకుండానే టాప్ అవుతుంది. 2021 జనవరి 1 నుంచి ఈ పరిమితి ఉంది. టాప్ చేసే అలవాటు లేకపోతే ఆఫ్ చేయండి. ఉంటే లిమిట్ వెయ్యికో, రెండు వేలకో తగ్గించండి.

ఆ తర్వాత ఆన్‌లైన్ కొనుగోళ్లు. పూర్తిగా ఆపాల్సిన పనిలేదు. కార్డు లిమిట్ రెండు లక్షలున్నా, ఆన్‌లైన్ లిమిట్ మీ నెలవారీ అవసరానికి సరిపడా పెట్టుకోండి, పదివేలు అనుకోండి. పిల్లల కాలేజీ ఫీజు కట్టే రోజు పెంచి, సాయంత్రానికి తగ్గించండి. ఆన్‌లైన్‌లో మోసపోయినా రెండు లక్షలూ ఒక్కసారిగా పోవు.

చివరగా ఏటీఎం నగదు. క్రెడిట్ కార్డుతో నగదు తీస్తే ఆ రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది, ఫీజు అదనం. మామూలు ఇంటికి దీని అవసరం రాదు. ఆఫ్ చేయండి.

వాడని కార్డును బీరువాలో ఉంచకుండా రద్దు చేయించండి. బాకీ లేకపోతే అడిగిన 7 పనిదినాల్లో బ్యాంకు మూసేయాలి. ఆలస్యం చేస్తే రోజుకు 500 రూపాయల చొప్పున మీకు చెల్లించాలి. అడగకుండానే కార్డు ఇంటికి వస్తే యాక్టివేట్ చేయకండి, ఓటీపీ చెప్పి ఒప్పుకోకండి. అడగని కార్డు పంపడమే నిబంధనలకు విరుద్ధం. వద్దని బ్యాంకుకు రాసి పంపండి.

3. ఫోన్, సిమ్, మెసేజ్‌లు

ముందు చూడాల్సింది బ్యాంకు దగ్గర ఏ నంబరు ఉందన్నది. సిమ్ మార్చి కొత్త నంబరు తీసుకున్నవాళ్లలో చాలామంది కార్డుకు పాత నంబరే వదిలేస్తారు. అలర్ట్‌లు ఎటో పోతుంటాయి. ఈమెయిల్ కూడా సరిచూసుకోండి.

☐ ప్రతి లావాదేవీకి ఎస్‌ఎంఎస్, ఈమెయిల్ రెండూ వచ్చేలా పెట్టుకోవాలి
☐ లాక్ స్క్రీన్ మీద మెసేజ్ లోపలి విషయం కనపడకుండా చేయాలి
☐ గ్యాలరీలో, వాట్సాప్‌లో ఉన్న కార్డు ఫొటోలు తీసేయాలి
☐ కార్డు వెనక సీవీవీ గుర్తుపెట్టుకుని, దాని మీద చిన్న స్టిక్కర్ అంటించాలి
☐ సిమ్‌కు పిన్ లాక్ పెట్టాలి

సిమ్ లాక్ గురించి ఒక మాట. బస్టాండులో ఫోన్ కొట్టేసినవాడికి ఫోన్ లాక్ తెరవాల్సిన పనిలేదు. సిమ్ తీసి వేరే ఫోన్‌లో వేస్తే చాలు, మీ ఓటీపీలు వాడికి వస్తాయి. సిమ్ పిన్ ఉంటే ఈ దారి మూసుకుపోతుంది. ఫోన్ సెట్టింగుల్లో సెక్యూరిటీ కింద ఉంటుంది. తప్పు పిన్ మూడుసార్లు కొడితే సిమ్ లాక్ అవుతుంది, కాబట్టి కంపెనీ ఇచ్చిన మొదటి పిన్ ఎంతో కనుక్కున్నాకే మొదలుపెట్టండి.

మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో కేంద్ర ప్రభుత్వ సంచార్ సాథీ పోర్టల్‌లో చూసుకోవచ్చు. మీవి కానివి కనపడితే అక్కడే ఫిర్యాదు చేయండి.

4. బంకులో, హోటల్‌లో, ఏటీఎంలో

విజయవాడ హైవే మీద నార్కట్‌పల్లి దగ్గరో, బెంగళూరు హైవే మీద జడ్చర్ల దగ్గరో పెట్రోలు పోయించుకుంటారు. కారులో కూర్చుని అద్దం దించి కార్డు అందిస్తారు. కుర్రాడు దాన్ని లోపలికి తీసుకెళ్లి, అక్కడి నుంచి "సార్, పిన్ చెప్పండి" అని కేకేస్తే ఇక్కడి నుంచి పిన్ కేకేసి చెప్తారు. చుట్టూ ఉన్న వాళ్లందరికీ వినపడుతుంది. దయచేసి ఈ అలవాటు మానండి.

మెషిన్ మీ దగ్గరికి తెప్పించండి, లేదా మీరే దిగి వెళ్లండి. కార్డు మీ కళ్ల ముందు నుంచి కదలకూడదు. స్క్రీన్ మీద ఎంత మొత్తం కొట్టారో చదివాకే, చెయ్యి అడ్డం పెట్టి పిన్ నొక్కండి. "ఫెయిలయింది సార్, ఇంకోసారి" అంటే ముందు ఫోన్‌లో మెసేజ్ చూడండి. డబ్బు కట్ కాలేదని తేలాకే రెండోసారి ఇవ్వండి.

ఏటీఎం దగ్గర పెద్దవాళ్లే ఎక్కువగా మోసపోతారు. వెనక నిలబడ్డవాడు "పెద్దాయనా, ఇట్లియ్యి, నేను తీసిస్త" అని కార్డు తీసుకుంటాడు. పిన్ నొక్కేటప్పుడు చూస్తాడు, డబ్బు తీసిస్తాడు, తిరిగిచ్చేటప్పుడు అదే రంగులో ఉన్న వేరే కార్డు చేతిలో పెడతాడు. పెద్దాయన ఊరికి చేరేలోపు ఖాతా ఖాళీ అవుతుంది. ఇంట్లో అమ్మానాన్నలకు రెండు మాటలు చెప్పండి: సాయం కావాలంటే బ్యాంకు లోపలి సిబ్బందినే అడగాలి, కార్డు చేతికి రాగానే దాని మీద తన పేరుందో లేదో చూసుకోవాలి. చదువురాని వాళ్లకు కార్డు మీద గుర్తుగా ఒక రంగు స్టిక్కర్ అంటించి ఇవ్వండి.

కార్డు పెట్టే చోట వదులుగా, ఊగుతున్న భాగం కనిపిస్తే ఆ మెషిన్ వాడకండి.

5. ఫోన్ కాల్: ఇక్కడే ఎక్కువమంది పడిపోతారు

కాల్ ఇట్లా నడుస్తుంది.

"నమస్తే సార్, కార్డు డిపార్ట్‌మెంట్ నుంచి. మీ కార్డు చివరి నాలుగు అంకెలు ఇవే కదా?" అంకెలు సరిగ్గా చెప్తాడు. ఎక్కడో లీకయిన డేటా అది. మనం సగం నమ్మేస్తాం.

"మీ కార్డు మీద ఇన్సూరెన్స్ యాక్టివేట్ అయింది సార్. నెలకు 2,400 కట్ అవుతుంది."

"నేనెప్పుడు తీసుకున్నా? నాకొద్దు."

"అయితే క్యాన్సిల్ చేస్తా సార్. మీకిప్పుడు క్యాన్సిలేషన్ కోడ్ వస్తది, అది చెప్పండి."

వచ్చిన మెసేజ్‌ను పూర్తిగా చదివితే గుట్టు అక్కడే బయటపడుతుంది. అందులో ఫలానా షాపులో 48,500 రూపాయల కొనుగోలుకు ఓటీపీ అని ఉంటుంది. అవతలివాడు క్యాన్సిల్ అంటున్నాడు, మెసేజ్ కొనుగోలు అంటోంది. వాడు తొందరపెట్టేది మీరు ఆరు అంకెలు మాత్రం చూసి, పై వాక్యం చదవకూడదనే. ఓటీపీ చెప్పడమంటే ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టి ఇవ్వడమే.

కథ మారుతుంది. రివార్డ్ పాయింట్లు ఇవాళే పోతాయంటారు, లిమిట్ పెంచుతామంటారు, కేవైసీ ఆగిపోయిందంటారు, వార్షిక ఫీజు మాఫీ అంటారు. భయపెట్టేవాళ్లు పోలీసులమని వీడియో కాల్ చేసి డిజిటల్ అరెస్ట్ అంటారు. చట్టంలో అట్లాంటి అరెస్టే లేదు.

అన్నిటికీ ఒకటే పద్ధతి పాటించండి:

☐ "నేనే బ్యాంకుకు ఫోన్ చేస్తా" అని చెప్పి కాల్ కట్ చేయండి. వాదన పెట్టుకోవద్దు
☐ నోట్‌బుక్‌లో రాసుకున్న నంబరుకే చేయండి, వాడు ఇచ్చిన నంబరుకు కాదు
☐ ఓటీపీ, పిన్, సీవీవీ ఎవరడిగినా చెప్పొద్దు. బ్యాంకు మేనేజరైనా సరే
☐ స్క్రీన్ చూపించే యాప్ వేసుకోమంటే అక్కడితో మాట ఆపేయండి

బ్యాంకుల సర్వీస్ కాల్స్‌కు 1600తో మొదలయ్యే నంబర్లు, ప్రచార కాల్స్‌కు 140తో మొదలయ్యేవి కేటాయించారు. మామూలు పది అంకెల మొబైల్ నంబరు నుంచి "బ్యాంకు" అంటే అనుమానించండి. 1600 నుంచి వచ్చినా ఓటీపీ మాత్రం చెప్పకండి.

క్రెడిట్ కార్డును యూపీఐకి లింక్ చేసుకున్నవాళ్లకు ఇంకో జాగ్రత్త. యూపీఐ పిన్ డబ్బు ఇవ్వడానికే తప్ప తీసుకోవడానికి కాదు. "రీఫండ్ పంపుతున్నా, పిన్ కొట్టండి" అన్నారంటే మోసమే.

6. లింకులు, ఏపీకే ఫైళ్లు

"ఓటీపీ చెప్పలేదు" అనే కేసుల్లో ఫోన్ వెతికితే చాలాసార్లు ఏపీకే ఫైల్ (ఫోన్‌లో యాప్ ఇన్‌స్టాల్ చేసే ఫైల్) దొరుకుతుంది. వాట్సాప్‌లో ట్రాఫిక్ చలాన్ పేరుతోనో, పీఎం కిసాన్ పేరుతోనో, పెళ్లి పత్రిక పేరుతోనో వస్తుంది. తెలిసినవాళ్ల నంబరు నుంచే రావచ్చు, వాళ్ల ఫోన్ అప్పటికే దొంగల చేతిలో ఉంటుంది కాబట్టి. ఇన్‌స్టాల్ చేసి, మెసేజ్‌లు చదివే అనుమతి ఇచ్చారంటే మీ ఓటీపీలన్నీ అటు వెళ్తాయి.

పెళ్లి పత్రిక ఫొటోగానో, పీడీఎఫ్‌గానో, వీడియోగానో వస్తుంది. యాప్‌గా రాదు. ఫైల్ పేరు చివర ఏపీకే అని ఉంటే తెరవొద్దు.

ఇప్పటికే వేసుకుని ఉంటే:

1. వెంటనే మొబైల్ డేటా, వైఫై ఆపి ఫ్లైట్ మోడ్ పెట్టండి.
2. ఇంకో ఫోన్ నుంచి హెల్ప్‌లైన్‌కు చేసి కార్డు బ్లాక్ చేయించండి.
3. ఆ యాప్ పేరు, వచ్చిన మెసేజ్ వేరే ఫోన్‌తో ఫొటో తీసుకోండి. సాక్ష్యం అదే.
4. యాప్ తీసేసి, అవసరమైన ఫొటోలు దాచుకుని, ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేయండి.
5. తర్వాత ##002# డయల్ చేయండి. కాల్ ఫార్వర్డింగ్ పెట్టి ఉంటే రద్దవుతుంది.
6. బ్యాంకు, ఈమెయిల్ పాస్‌వర్డులన్నీ మార్చండి.

బ్యాంకు వెబ్‌సైట్ అయితే చిరునామా చివర డాట్ బ్యాంక్ డాట్ ఇన్ అని ఉండాలి. ఆర్‌బీఐ చెప్పడంతో 2025లో బ్యాంకులు దానికి మారాయి. మధ్యలో ఎక్కడో బ్యాంక్ అని ఉంటే సరిపోదు, చివర చూడండి.

ఆన్‌లైన్ షాపింగ్ సంగతి క్లుప్తంగా. గద్వాల పట్టుచీర వెయ్యి రూపాయలకే అని సోషల్ మీడియాలో కనిపిస్తే, ఆ ధరకు అది నేత కూలికి కూడా సరిపోదని మన ప్రాంతం వాళ్లకు వేరే చెప్పాల్సిన పనిలేదు. తెలియని పేజీలో కార్డు వివరాలు కొట్టకండి. సరుకు అందాక డబ్బిచ్చే పద్ధతి ఉంటేనే కొనండి.

7. నెలకోసారి చూసుకోవాల్సినవి

☐ స్టేట్‌మెంట్‌లో ప్రతి లైనూ చదవాలి. ఒకటి, రెండు రూపాయల తెలియని లావాదేవీని వదిలేయొద్దు. కార్డు పనిచేస్తుందో లేదో దొంగలు అట్లాగే పరీక్షిస్తారు
☐ నెలనెలా కట్ అయ్యే సబ్‌స్క్రిప్షన్లు చూడాలి. 15,000 లోపువి ఒకసారి ఒప్పుకుంటే ప్రతిసారీ ఓటీపీ అడగవు
☐ ఏడాదికోసారి సిబిల్ రిపోర్టు ఉచితంగా తీసుకుని, మీ పేరు మీద తెలియని కార్డు, లోను ఉందేమో చూడాలి

8. డబ్బు పోయిందా? ఈ వరుసలోనే చేయండి

పోయింది తెలియగానే ఎట్లా పోయిందని ఆలోచిస్తూ కూర్చోవద్దు. కారణం తర్వాత వెతకొచ్చు.

మొదటిది: కార్డు బ్లాక్. యాప్‌లో ఒక నొక్కుతో అవుతుంది, లేదా హెల్ప్‌లైన్. రాత్రి పన్నెండయినా పనిచేస్తుంది. ఫిర్యాదు నంబరు తప్పకుండా తీసుకోండి.

రెండోది: 1930కి ఫోన్. మోసం చేసినవాడు డబ్బును ఇంకో ఖాతాకో, వాలెట్‌కో మార్చేలోపు ఆపించగలిగే మార్గం ఇదే. ఎంత ముందు చేస్తే అంత మంచిది. లైన్ దొరక్కపోతే మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తూనే, సైబర్‌క్రైమ్ డాట్ జీఓవీ డాట్ ఇన్‌లో ఫిర్యాదు పెట్టండి. కాల్ చేసేటప్పుడు ఇవి చేతిలో ఉండాలి: లావాదేవీ తేదీ, సమయం, మొత్తం, రిఫరెన్స్ నంబరు, డబ్బు వెళ్లిన షాపు లేదా వాలెట్ పేరు.

మూడోది: బ్యాంకుకు రాతపూర్వక ఫిర్యాదు, అదే రోజు ఈమెయిల్‌లో. ఇట్లా రాస్తే చాలు:

"నా క్రెడిట్ కార్డు (చివరి అంకెలు ____) మీద ____ తేదీన ____ గంటలకు ____ రూపాయల లావాదేవీ నా అనుమతి లేకుండా జరిగింది. ____ గంటలకు కార్డు బ్లాక్ చేయించాను, ఫిర్యాదు నంబరు ____. 1930 ఫిర్యాదు నంబరు ____. ఈ లావాదేవీని మోసంగా నమోదు చేసి, అనుమతి లేని లావాదేవీలపై ఆర్‌బీఐ నిబంధనల ప్రకారం మొత్తాన్ని తిరిగి జమ చేయగలరు."

నాలుగోది: పోలీస్ స్టేషన్. పెద్ద మొత్తం పోయినా, కార్డు లేదా ఫోన్ దొంగతనం జరిగినా వెళ్లండి. "మా పరిధి కాదు" అంటే జీరో ఎఫ్‌ఐఆర్ అడగండి. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా నమోదు చేయవచ్చు.

9. బ్యాంకు ఎంత తిరిగి ఇవ్వాలి?

ఇట్లాంటి నష్టంలో కస్టమర్ భరించాల్సింది ఎంతో చెప్పే నిబంధనలను ఆర్‌బీఐ 2017లో తెచ్చింది. అవి తెలిసి మాట్లాడితే బ్యాంకు సమాధానం మారుతుంది.

తప్పు బ్యాంకుదైతే మీ మీద భారం సున్నా. తప్పు బ్యాంకుదీ కాదు, మీదీ కాదు, మూడోవాడిదైతే లెక్క ఇట్లా ఉంటుంది:

- బ్యాంకు నుంచి సమాచారం అందాక 3 పనిదినాల్లో చెప్తే: మీ భారం సున్నా
- 4 నుంచి 7 పనిదినాల్లో చెప్తే: 5 లక్షల లోపు లిమిట్ ఉన్న క్రెడిట్ కార్డుకు గరిష్ఠంగా 10,000, అంతకు మించిన లిమిట్‌కు 25,000
- 7 పనిదినాలు దాటితే: ఆ బ్యాంకు సొంత విధానం ప్రకారం

మీరే ఓటీపీ చెప్పి ఉంటే, బ్యాంకుకు తెలియజేసే దాకా పోయింది మీ నష్టమే. తెలియజేసిన తర్వాత పోయేది బ్యాంకు నష్టం. అందుకే బ్లాక్ చేయడం అన్నిటికంటే ముందు పెట్టాను. తప్పు కస్టమర్‌దేనని నిరూపించాల్సింది కూడా బ్యాంకే.

ఫిర్యాదు చేసిన 10 పనిదినాల్లో బ్యాంకు ఆ మొత్తాన్ని తాత్కాలికంగా జమ చేయాలి, 90 రోజుల్లో తేల్చాలి.

10. తర్వాత జరిగే పొరపాట్లు, వాటికి సరైన దారి

*పొద్దున బ్రాంచికి వెళ్లొచ్చులే అనుకోవడం.* క్రెడిట్ కార్డు విభాగం చాలా బ్యాంకుల్లో వేరుగా ఉంటుంది. నల్లగొండ బ్రాంచిలో అడిగినా హెల్ప్‌లైన్ నంబరే ఇస్తారు. రాత్రే ఫోన్ చేయండి.

*భయంతో మెసేజ్‌లు, కాల్ లిస్టు డిలీట్ చేయడం.* ఇంట్లో తిడతారని చెరిపేస్తారు. అవే సాక్ష్యాలు. ఇంట్లో ఎవరైనా మోసపోయామని చెప్తే ముందు కార్డు బ్లాక్ చేయించండి. తిట్లు వద్దు. ఈసారి తిడితే ఇంకోసారి దాచిపెడతారు.

*మొత్తం బిల్లు కట్టడం మానేయడం.* వివాదం ఉన్న మొత్తం తీసేసి, మీరు నిజంగా వాడుకున్నది గడువులోగా కట్టండి. లేకపోతే దాని మీద వడ్డీ పడి సిబిల్ పాడవుతుంది. మోసమని ఫిర్యాదు చేసిన లావాదేవీ మీద తేలే దాకా చార్జీలు వేయకూడదు. వేస్తే అదీ ఫిర్యాదులో చేర్చండి.

*"డబ్బు రికవరీ చేయిస్తాం" అనేవాళ్లకు ఫీజు కట్టడం.* అది రెండో మోసం. 1930కి, పోర్టల్‌కు, బ్యాంకుకు ఫిర్యాదు పూర్తిగా ఉచితం. పోలీసులు స్తంభింపజేసిన డబ్బు కోర్టు ఉత్తర్వు, లోక్ అదాలత్ లాంటి అధికారిక మార్గాల్లోనే బాధితులకు వస్తుంది.

*బ్యాంకు కాదన్నదని వదిలేయడం.* బ్యాంకు జవాబు నచ్చకపోయినా, 30 రోజుల్లో జవాబే రాకపోయినా ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు (బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే అధికారికి) వెళ్లండి. చిరునామా సీఎంఎస్ డాట్ ఆర్‌బీఐ డాట్ ఓఆర్‌జీ డాట్ ఇన్, సందేహాలకు ఫోన్ 14448. లాయరు అవసరం లేదు, రుసుము లేదు. బ్యాంకుకు మీరు పంపిన ఈమెయిల్, ఫిర్యాదు నంబర్లు, స్టేట్‌మెంట్ జతచేయాలి. 8వ భాగంలో మూడో పనిగా అదే రోజు ఈమెయిల్ పంపమన్నది ఇందుకే. తేదీ, సమయంతో ఉన్న ఆ ఒక్క కాగితం లేకపోతే ఇక్కడ మీ మాట నిలబెట్టుకోవడం కష్టమవుతుంది.